ఉగాదికి 15 మంది వస్తున్నారు, నాకేమో ఇడ్లీలే సరిగా రావు

ప్రశ్న: అక్కా, మేముండేది మియాపూర్‌లో. ఇద్దరం ఉద్యోగాలే. బాబు రెండో తరగతి, పొద్దున్న 7:15కి వాడి స్కూల్ బస్సు. వారంలో నాలుగు రోజులు ఉప్మా, మిగతా రోజులు బ్రెడ్డో, కొట్లో కొన్న ప్యాకెట్ పిండితో దోశెలో. ఇంట్లో పిండి రుబ్బితే ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయి, పెసరట్టు పెనం వదలదు. ఉగాదికి స్నేహితులు, ఆఫీసు వాళ్లు కలిపి 15 మంది భోజనానికి వస్తున్నారు. ఇంకా నాలుగు ఆదివారాలు ఉంది. మా ఆయన కేటరింగ్‌కి చెప్పేద్దాం అంటున్నారు, నాకేమో నా చేత్తో వండి పెట్టాలని ఉంది. దీపావళికి ఇలాగే ఎనిమిది మందిని పిలిస్తే గారెలు నూనె తాగేశాయి, బూరెలు మూకుట్లో విచ్చిపోయాయి, పులిహోర ముద్దయింది. అందరూ హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే నేను స్టవ్ దగ్గరే ఉండిపోయాను. రోజూ టిఫినే కుదరదు, నీకు పండగ వంట ఎందుకమ్మా అన్నారు మా అత్తగారు. ఈసారి వంటకాల జాబితాలో పనీర్ కూర, వెజ్ బిర్యానీ, రెండు స్వీట్లు, మంచూరియా రాసుకున్నాను, 15 మందికి ఏది ఎంత కొలతో తెలీదు. ఆఫీసు వాళ్లలో ఇతర రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు, కొందరు నాన్‌వెజ్ ఎదురుచూస్తారేమో కూడా. తల్చుకుంటేనే టెన్షన్. ఈసారికి మానుకోమంటారా?

జవాబు: మానుకోకు చెల్లీ. నీ చేత్తోనే వండు. కేటరింగ్ తప్పని నేను అనను, 50 మంది వస్తుంటే నేనే చెప్పించేదాన్ని. కానీ 15 మందికి ఇంట్లో వండటం ఒక మనిషి చెయ్యగలిగిన పనే, అదీ నాలుగు వారాలు చేతిలో ఉన్నప్పుడు. పైగా నీకు వండి పెట్టాలని ఉంది కదా, అది పెద్ద విషయం, దాన్ని చంపుకోవద్దు.

మీ అత్తగారి మాట నిన్ను నొప్పించిందని తెలుస్తోంది, అయినా అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. మనకి పొద్దుటి టిఫిన్, పండగ వంట వేరువేరు విద్యలు కావు. ఇడ్లీ, దోశె, దిబ్బరొట్టె, గారె, పెరుగు గారె, బూరెకి పైన ముంచే తోపు పిండి, అన్నిటికీ ఆధారం మినప్పప్పే. కనుమ నాడు మినుము తినాలని మన పెద్దలు ఊరికే అనలేదు, ఆ పూట గారెలు లేని ఇల్లు కోస్తాలో కనపడదు. పప్పు ఎంతసేపు నానాలి, ఎన్ని నీళ్లతో రుబ్బాలి, పులవనివ్వాలా వద్దా, ఈ మూడింట్లోనే ఒక వంటకానికీ ఇంకో వంటకానికీ తేడా. ఈ మూడూ నీ చేతికి అలవాటైతే ఉగాది వంట సగం అయిపోయినట్టే, ఆ అలవాటు ఈ నాలుగు వారాల టిఫిన్లతోనే రావాలి. దీపావళికి నువ్వు పడ్డ అవస్థ ఎందుకో నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది, అంతకుముందు ఎప్పుడూ వెయ్యని గారెలు, బూరెలు జనం వచ్చిన రోజే మొదటిసారి వేశావు.

ముందు ఇడ్లీ సంగతి చూద్దాం. బద్దలు కాదు, పొట్టు తీసిన మినపగుళ్లు కొను, అవి బాగా ఒదుగుతాయి. ఎప్పటి నుంచో డబ్బాలో ఉన్న పాత పప్పు అయితే ఎంత రుబ్బినా నురగ రాదు, అది పప్పులోకో పోపులోకో వాడెయ్యి. గ్లాసు గుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లతో పాటు అర చెంచా మెంతులు వేసి నాలుగైదు గంటలు నానబెట్టు. రవ్వని రెండు నీళ్లు కడిగి విడిగా గంటసేపు నానబెట్టి, నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన మినప పిండిలో కలపాలి, రవ్వని రుబ్బకూడదు. గ్రైండర్ ఉంటే సరే, మిక్సీ అయితే పప్పు వేడెక్కిపోతుంది, అందుకని ఫ్రిజ్‌లో నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, ఆపి ఆపి తిప్పు. చాలామంది ఆఫీసు నుంచి వచ్చిన హడావుడిలో ఒక్కసారే నీళ్లన్నీ పోసి ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పేస్తారు, ఇడ్లీ గట్టిగా రావడానికి సగం కారణం అక్కడే ఉంది.

రుబ్బడం అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, చిన్న గిన్నెలో నీళ్లు పోసి వేలితో కాస్త పిండి తీసి అందులో వదులు. తేలిందా, అయినట్టే. మునిగి అడుగుకి పోయిందా, ఇంకా తిప్పాలి. వేళ్ల మధ్య రాస్తే ఎక్కడా పలుకు తగలకూడదు, గిన్నె వంచితే ధారగా కారకూడదు, బరువుగా జారి పడాలి. తర్వాత రవ్వ వేసి చేత్తో అడుగు నుంచి పైకి నాలుగైదు సార్లు కలుపు, గిన్నె సగానికి మించి నిండకుండా చూసుకుని మూతపెట్టి వదిలెయ్యి. ఈ మార్చి ఎండలకి హైదరాబాద్‌లో ఎనిమిది గంటల్లో పొంగుతుంది, అదే డిసెంబర్లో పన్నెండు పైనే పడుతుంది. ఉప్పు రాత్రే వేసినా పరవాలేదు, అది పులుపుని కాస్త నెమ్మది చేస్తుంది, వేసవిలో మనకి కావలసిందీ అదే. పొద్దున్న పొంగిన పిండిని గరిటెతో గిరగిరా తిప్పకు, లోపలున్న గాలంతా పోతుంది. పైనుంచి మెల్లగా తీసి రేకుల్లో వేసుకుని 10-12 నిమిషాలు ఆవిరి పట్టు, దింపి మూడు నాలుగు నిమిషాలు ఆగి తడి చెంచాతో తియ్యి. పావుగంట దాటి ఉడికించినా గట్టిపడతాయి, స్టవ్ మీద పెట్టి బాబుకి స్నానం చేయించడానికి వెళ్తున్నావేమో గమనించుకో.

ఈ కొలతకి 30 ఇడ్లీల దాకా వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం నానబెట్టి సాయంత్రం రుబ్బితే సోమవారం ఇడ్లీ, మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెడితే మంగళవారం మళ్లీ ఇడ్లీ. బుధవారానికి కాస్త పులుస్తుంది, దాన్ని దిబ్బరొట్టె వేసెయ్యి. మందపాటి ఇనప మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, అడుగున అంగుళం మందాన పిండి పోసి మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట వదిలేస్తే అడుగు ఎర్రగా కాలుతుంది, తిప్పి ఇంకో ఐదు నిమిషాలు. నువ్వు దాని దగ్గర నిలబడక్కర్లేదు, ఈలోపు బాక్సు సర్దుకోవచ్చు. పైన కరకర, లోపల దూదిలా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో చెరకు పానకం నంజుకుని తింటారు, పిల్లాడికి అలా పెట్టి చూడు, ఇంక బ్రెడ్డు అడగడు.

గురువారం పెసరట్టు. బుధవారం పడుకునే ముందు గ్లాసు పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం నానెయ్యి, పొద్దున్నే అల్లం, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో రుబ్బి వెంటనే వేసెయ్యి. దీన్ని పులవనివ్వకూడదు, నిన్నటి పిండితో వేస్తే ఆ వాసనే మారిపోతుంది. పెనం వదలడం లేదన్నావు. పెనం మరీ కాగినా, సరిగా కాగకపోయినా అంటుకుంటుంది. బాగా వేడెక్కాక చిటికెడు నీళ్లు చల్లి, సుయ్యిమని ఆరగానే సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా రుద్ది, మంట తగ్గించి అప్పుడు పిండి పొయ్యి. పలచగా తిప్పాక మంట పెంచు. ఇంకో మాట, చపాతీల పెనం, అట్ల పెనం వేరుగా ఉండాలి. చపాతీలు కాల్చిన పెనం మీద అట్టు లేవదు, నీ ఇంట్లో రెండిటికీ ఒకటే ఉందేమో చూసుకో. లోపల ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు ఆదివారానికి ఉంచు, బస్సు టైముకి అది కుదరదు.

శుక్రవారానికి అందరూ అలిసిపోయి ఉంటారు, ఆ పూట నానబెట్టడం రుబ్బడం లేనిది కావాలి. నాకైతే రాయలసీమ వాళ్ల ఉగ్గానికి మించింది కనపడలేదు. బొరుగులు, అవే మరమరాలు, నీళ్లలో వేసి నిమిషంలో తీసి పిండెయ్యాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో పోపు వేసి అందులో కలిపి, పైన వెల్లుల్లి, ఎండుకొబ్బరి కలిపి కొట్టిన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండితే అంతే. కర్నూలు, అనంతపురం వైపు దీంతో మిరపకాయ బజ్జీ లేకపోతే ఒప్పుకోరు, మనం వారం మధ్యలో అంత పెట్టుకోవద్దు. శనివారం నీ ఉప్మా వండుకో, వారానికి ఒక్కసారి అయితే ఉప్మా మీద ఎవరికీ కోపం రాదు.

పచ్చళ్లకి కూడా పొద్దున్న పూట తడుముకోకూడదు. పల్లీలు వేయించి పొట్టు తీసి డబ్బాలో పోసి ఉంచితే పల్లీ చట్నీ ఐదు నిమిషాల పని. అల్లం పచ్చడి మాత్రం ఈ ఆదివారమే చెయ్యి. అల్లం ముక్కలు, ఎండుమిర్చి నూనెలో వేయించి, చింతపండు, బెల్లం, ఉప్పు వేసి నీళ్లు తగలకుండా రుబ్బి పోపు పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలు నిక్షేపంగా ఉంటుంది. పెసరట్టుకీ అదే, దిబ్బరొట్టెకీ అదే. రెండు వారాలు పోయాక మళ్లీ ఒకసారి చేశావంటే ఉగాదికీ అదే.

ఇంక నీ నాలుగు ఆదివారాలు. మొదటి ఆదివారం ఇడ్లీ పిండి రుబ్బడం ఒక్కటే చాలు. రెండో ఆదివారం పావుకిలో మినపగుళ్లతో మీ ముగ్గురికీ అత్తగారికీ టిఫిన్‌గా గారెలు వెయ్యి. మూడో ఆదివారం పదే పది బూరెలు. నాలుగోది పులిహోర, అదే ఆ పూట భోజనం. పాడైతే పాడైంది, ఇంట్లో వాళ్లే కదా తినేది.

గారెలు నూనె తాగడానికి కారణాలు మూడు. పప్పు రాత్రంతా నానడం, పిండి జారుగా ఉండటం, నూనె కాగకముందే వెయ్యడం. గారెల పప్పు రెండు మూడు గంటలు నానితే చాలు, ఇడ్లీ పప్పులా నాననివ్వకూడదు. నానాక జల్లెడలో వేసి పది నిమిషాలు నీళ్లు ఓడ్చు. రుబ్బేటప్పుడు నీళ్లు పొయ్యొద్దు, తిరగకపోతే చేత్తో చిలకరించు. ఉప్పు ఆఖర్న, నూనె స్టవ్ మీద పెట్టాక కలుపు, ముందే వేస్తే పిండి నీరు వదిలి జారిపోతుంది. రుబ్బిన పిండిని వెడల్పు గిన్నెలోకి తీసుకుని చేత్తో ఒకే వైపు రెండు నిమిషాలు గిలకొట్టాలి, కొట్టేకొద్దీ చేతికి తేలిగ్గా తగులుతుంది, రంగు కూడా తెల్లబడుతుంది. అప్పుడు నీళ్లలో వేసి చూస్తే తేలుతుంది, ఇడ్లీ పిండికి చేసిన పరీక్షే. నూనెలో చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి రావాలి, వచ్చీ రాగానే మాడకూడదు. అరచేయి తడి చేసుకుని నిమ్మకాయంత పిండి పెట్టి, వేలితో మధ్యలో చిల్లు పెట్టి, చెయ్యి నూనెకి దగ్గరగా ఉంచి జారవిడు. భయపడి పైనుంచి పడేస్తేనే నూనె చిందేది. చిల్లు అందానికి కాదు, మధ్యలో పచ్చిగా ఉండిపోకుండా. పిండి జారైతే రెండు చెంచాల బియ్యప్పిండి కలుపుకో, అంతకంటే ఎక్కువ వేస్తే గట్టిపడతాయి.

బూరెల దగ్గర పొరపాటు పూర్ణంలోనో తోపులోనో ఉంటుంది, నీ విషయంలో రెండిట్లోనూ అయి ఉండొచ్చు. గ్లాసు పచ్చిశనగపప్పు రెండు గంటలు నానబెట్టి, వేళ్లతో నొక్కితే నలిగేలా ఉడికించు, ముద్దవకూడదు. నీళ్లు పూర్తిగా వార్చెయ్యాలి. ఆ కట్టు పారబొయ్యకు, చింతపండు, మిరియాలు వేసి చారు కాచుకుంటే ఆ రోజు భోజనంలోకి చారు తయారు. వార్చిన పప్పు మెత్తగా చేసి గ్లాసు బెల్లం తురుముతో కలిపి స్టవ్ మీద తిప్పితే ముందు జారవుతుంది, కంగారుపడి దింపెయ్యకు, మళ్లీ దగ్గరపడి బాణలి అంచులు వదిలేదాకా తిప్పాలి. ఏలకుల పొడి వేసి చల్లారాక ఉండ కడితే వేళ్లకి అంటకూడదు. తోపుకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బాలి, దోశెల పిండి కంటే కొంచెం గట్టిగా, చిటికెడు ఉప్పుతో. ఇది పులవకూడదు. పూర్ణం ఉండని ముంచి పైకెత్తితే కింద ఉన్న పసుపు రంగు ఎక్కడా కనపడకూడదు. కనపడిందంటే అక్కడే విచ్చుతుంది, బెల్లం నూనెలోకి దిగి మాడి మిగతా వాయి మొత్తం నల్లబడుతుంది. నూనెలో వేశాక మొదటి నిమిషం గరిటె పెట్టకు, పైన వేడి నూనె గరిటెతో పోస్తూ ఉండు, తోపు గట్టిపడ్డాక తిప్పు. ఒక్క బూరె వేసి చూసుకుని, విచ్చితే తోపులో బియ్యప్పిండి కలిపి అప్పుడు మిగతావి వేసుకోవాలి. ఒకేసారి పన్నెండు వెయ్యొద్దు, ఐదారు చాలు.

ఉగాది రోజు ఏం పెట్టాలో కూడా చెప్తాను. నువ్వు రాసిన జాబితాలో పనీర్ కూర, వెజ్ బిర్యానీ, రెండు స్వీట్లు, మంచూరియా ఉన్నాయి. అవన్నీ తీసెయ్యి. అవి వాళ్లకి ఏ హోటల్లో అయినా దొరుకుతాయి. ఉగాది పచ్చడి, మామిడికాయ పులిహోర, గుత్తి వంకాయ కూర, మామిడికాయ పప్పు, పెరుగు గారెలు, బూరెలు, శనగపప్పు కట్టు చారు, అప్పడాలు, అన్నం, పెరుగు. ఇది నిండు భోజనం. ఇందులో మనుషులు వచ్చాక స్టవ్ మీద పెట్టాల్సింది అప్పడాలు తప్ప ఏదీ లేదు, ఈ జాబితా ఎంచడంలో నేను చూసుకున్నది అదొక్కటే. మామూలు గారెలు వేడివేడిగా వెయ్యాలంటే నువ్వు మళ్లీ మూకుడు దగ్గరే నిలబడతావు. పెరుగు గారెలైతే పొద్దున్నే వేయించి, పలచటి మజ్జిగలో పది నిమిషాలు ముంచి, మెల్లగా నొక్కి, అల్లం, పచ్చిమిర్చి నూరి కలిపిన చిక్కటి పెరుగులో వేసి పోపు పెట్టేస్తావు. ఎండాకాలం కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి వడ్డించే అరగంట ముందు బయటపెట్టు. వంకాయ కూర పొద్దున్న చేస్తే మధ్యాహ్నానికి ఇంకా రుచి పడుతుంది. బూరె చల్లగా ఉన్నా బాగుంటుంది, వేలితో చిన్న గుంట చేసి నెయ్యి పోసి ఇవ్వు, గోదావరి వైపు అలాగే పెడతారు.

కొలతలు అడిగావు. 15 మందికి పులిహోరకి ముప్పావుకిలో బియ్యం, తెల్లన్నానికి కిలో. కందిపప్పు 400 గ్రాములు, మామిడికాయలు పప్పుకి రెండు, పులిహోరకి పులుపుని బట్టి మూడో నాలుగో. గుత్తి వంకాయలు రెండు కిలోలు. గారెలకి 600 గ్రాముల గుళ్లు, మనిషికి రెండు చొప్పున వేసుకున్నా కొన్ని మిగులుతాయి. బూరెలకి అరకిలో శనగపప్పు, అంతే బెల్లం, చిన్న ఉండలు కడితే నలభై పైన వస్తాయి. పెరుగు గారెల్లోకీ అన్నంలోకీ కలిపి మూడు లీటర్ల పాలు తోడు పెట్టు.

పులిహోర ముద్దవడానికి కారణం వేడి అన్నం కలపడం. కొత్త బియ్యం వద్దు, పాతవి తీసుకుని మామూలుగా పోసే నీళ్ల కంటే తగ్గించి పలుకుగా వండు. వెడల్పు పళ్లెంలో పరిచి పసుపు, రెండు గరిటెల నూనె, కరివేపాకు వేసి ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వు. పోపులో ఇంగువ గట్టిగా పడాలి. మామిడి తురుము సగం పోపులో రెండు నిమిషాలు మగ్గించి, మిగతా సగం పచ్చిదే కలిపితే పులుపూ ఉంటుంది, మామిడి వాసనా ఉంటుంది. కలిపాక కనీసం గంట ఊరాలి.

పని ఎలా పంచుకోవాలంటే, పూర్ణం ముందురోజు సాయంత్రమే చేసి ఉండలు కట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. కట్టు కూడా చల్లారాక ఫ్రిజ్‌లోనే పెట్టు. తోపు పిండి కూడా ముందురోజే రుబ్బి వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పులవదు. వంకాయల్లోకి పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి వేయించి పొడి కొట్టడం, పెరుగు తోడు పెట్టడం, పల్లెం గిన్నెలు లెక్కపెట్టుకోవడం అన్నీ ఆ రాత్రికే. పండగ రోజు ఐదింటికి లేవగానే గారెల పప్పు నానెయ్యి, పూర్ణం ఉండలు బయటపెట్టు. చల్లటి ఉండ నూనెలో పడితే నూనె చల్లారిపోతుంది, పైన తేమ ఉంటే గుడ్డతో అద్దు. పులిహోరకి అన్నం పెట్టి ఆరబెట్టు, వంకాయ కూర ఒక పొయ్యి మీద, పప్పు కుక్కర్లో. ఎనిమిదింటికి గారెలు, అదే నూనెలో తర్వాత బూరెలు, పదిన్నరకి నూనె మూకుడు దించేస్తావు. తర్వాత పులిహోర కలిపి, కట్టు చారు కాచి, తలస్నానం చేసి కొత్త చీర కట్టుకో. ఇది పనుల్లో పడి వదిలేసే సంగతి కాదు, చెప్పినట్టు చెయ్యి.

ఈ హడావుడిలో ఉగాది పచ్చడి సంగతి మర్చిపోకు. కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి ముక్కలు, ఉప్పు, కారం ముందే కలిపి ఉంచుకోవచ్చు, వేపపువ్వు మాత్రం ఇచ్చే ముందే వెయ్యాలి, లేకపోతే మొత్తం చేదెక్కుతుంది. తెలంగాణ ఇళ్లల్లో పలచగా చేసి గ్లాసుల్లో తాగుతారు, కోస్తాలో చెంచాతో నాలుకకి రాసుకునేలా ఉంటుంది. మీ ఆఫీసు వాళ్లలో ఇతర రాష్ట్రాల వాళ్లు ఉన్నారన్నావు కాబట్టి పలచగా చేసి చిన్న కప్పుల్లో ఇస్తే సుఖం. ఆరు రుచులూ ఏవో ఒక్కొక్కటీ చెప్పి ఇవ్వు, అడిగి మరీ తాగుతారు.

కొందరు నాన్‌వెజ్ ఎదురుచూస్తారేమో అని కూడా రాశావు. ఉగాదికి వద్దు. వాళ్లని ఇంకో ఆదివారం బగారా అన్నం, కోడికూరకి పిలువు, రెండే వంటకాలు, ముందురోజు రాత్రే కోడికి ఉప్పు, కారం, పెరుగు పట్టించి పెట్టుకుంటే గంటలో అయ్యే పని.

సాయం అడగడానికి మొహమాటపడకు. ఏం తేవాలి అని స్నేహితులు అడిగితే ఏమీ వద్దు అనే అలవాటు మనందరికీ ఉంది, ఈసారి మానెయ్యి. ఒకరిని అరటాకులు, ఒకరిని పండ్లు, ఒకరిని వక్కపొడి కిళ్లీ తెమ్మను. మీ ఆయన కేటరింగ్ అన్నది నీ మీద జాలితోనే అయి ఉంటుంది, ఆ జాలిని మామిడికాయలు తురమడంలో, కొబ్బరి కొట్టడంలో, గిన్నెలు కడగడంలో చూపించమను. వడ్డన కూడా ఆయనదే. వాళ్లు వచ్చాక నువ్వు హాల్లో కూర్చోవాలి, ఆకు ముందు నీకూ చోటుండాలి, ఆఖర్న మిగిలినవాటితో వంటింట్లో నిలబడి తినడం కాదు. ఇది ఆయనతో ముందురోజే మాట్లాడుకో, అప్పటికప్పుడు చెప్తే ఎవరికీ తోచదు.

అత్తగారిని రెండో ఆదివారం గారెల పిండి దగ్గరికి పిలువు. ఇది సరిపోయిందా అత్తయ్యా, ఇంకా కొట్టాలా అని ఒక్క మాట అడుగు. ఆవిడది ఏళ్ల తరబడి పిండి పట్టిన చెయ్యి, అది ఏ వీడియోలోనూ దొరకదు. నీకు గారెలు వచ్చేస్తాయి, ఆవిడకి ఉగాది రోజు నీతో పాటు కూర్చుని వేసే ఉత్సాహమూ వస్తుంది. ఒకవేళ ఏదో అంటే అననీ, చెయ్యి మాత్రం చూసి నేర్చుకో.

అంతా అయ్యాక తోపు పిండి మిగులుతుంది, తప్పకుండా మిగులుతుంది. రాత్రి అలాగే బయట వదిలేస్తే పొద్దున్నకి పులుస్తుంది, కాస్త నీళ్లు కలిపి ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర వేసి అట్లు పోసెయ్యి, అల్లం పచ్చడి ఎలాగూ ఉంది. పులిహోర మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు బాబు బాక్సులో పంపు, పెరుగు గారెలు మాత్రం మర్నాటికి ఉంచొద్దు, వెళ్లేటప్పుడే అందరికీ డబ్బాల్లో పెట్టి ఇచ్చెయ్యి.